వైట్ ఫార్ములాలో రోకలి ఎక్కడ?

సంస్కృతికి ఫార్ములా రాయొచ్చని నమ్మిన మనిషి ఒకాయన ఉన్నాడు. పేరు లెస్లీ వైట్. అమెరికన్ మానవశాస్త్రవేత్త, మిషిగన్ యూనివర్సిటీలో 1930 నుంచి 1970 దాకా పాఠాలు చెప్పాడు. 1943లో, బయట ప్రపంచయుద్ధం నడుస్తుండగా, ‘అమెరికన్ ఆంత్రొపాలజిస్ట్’ అనే పత్రికలో ‘ఎనర్జీ అండ్ ది ఎవల్యూషన్ ఆఫ్ కల్చర్’ అన్న వ్యాసం వేశాడు. ఆరేళ్ళ తర్వాత దాన్ని సవరించి ‘ది సైన్స్ ఆఫ్ కల్చర్’ పుస్తకంలో ఒక అధ్యాయంగా పెట్టుకున్నాడు. అందులో చెప్పేది ఇంతే: ఒక సమాజం మనిషికి ఏడాదికి ఎంత శక్తిని వాడుకోగలుగుతోందో చూడు. ఆ శక్తిని పనిగా మార్చే సాధనాలు ఎంత సమర్థంగా ఉన్నాయో చూడు. రెండూ గుణించు. వచ్చిందే సంస్కృతి ఎదిగిన మేర.

ఇంజనీరింగ్ చదివినవాళ్ళకి ఇలాంటిది కనిపిస్తే ప్రాణం లేచి వస్తుంది. సాహిత్య సభల్లో ‘సంస్కృతి’ అన్న మాటని గంటకి అరవైసార్లు విని, అదేంటో ఎవరూ చెప్పకుండానే టీ తాగి ఇంటికి వచ్చే నాలాంటివాడికి మరీనూ. ఇక్కడ ఒకాయన గుణకారం చేసి చూపిస్తున్నాడు. ఆ వ్యాసాన్ని నేను మూడుసార్లు చదివాను. మొదటిసారి మురిసిపోయాను. రెండోసారి యూనిట్లు చూడటం మొదలుపెట్టాను. మూడోసారి ఒక పదం దగ్గర ఆగిపోయాను, అక్కణ్ణుంచి ముందుకి కదల్లేదు. ఆ పదం ‘స్థిరరాశి’.

దాని సంగతి చెప్పేముందు వైట్‌కి దక్కాల్సిన మర్యాద దక్కాలి. ఆయన ఈ వ్యాసం రాసే నాటికి అమెరికా మానవశాస్త్రమంతా ఫ్రాంజ్ బోవాస్ శిష్యుల చేతిలో ఉంది. ప్రతి సంస్కృతిదీ దాని సొంత చరిత్ర, ఒకదాన్ని పై మెట్టు మీదా ఇంకోదాన్ని కింది మెట్టు మీదా నిలబెట్టకూడదు అన్నది వాళ్ళ పట్టు. జాతుల పేరుతో మనుషుల్ని కొలిచిన పందొమ్మిదో శతాబ్దం తర్వాత ఆ పట్టు చాలా అవసరం కూడా. వైట్ చదువుకున్నది ఆ బడిలోనే. కానీ బఫెలోలో ఉద్యోగం చేస్తూ, ఆ పక్కనే ఉన్న సెనెకా జనం గురించి తెలుసుకునే క్రమంలో, వాళ్ళ మీద ఎప్పుడో రాసిన లూయిస్ హెన్రీ మోర్గన్ దగ్గరికి వెళ్ళాడు. ఎంగెల్స్ చదివి వాడుకున్న మోర్గనే. 1929లో సోవియట్ రష్యా చూసి వచ్చాడు. ‘జాన్ స్టీల్’ అన్న మారుపేరుతో సోషలిస్ట్ లేబర్ పార్టీ పత్రికలో వ్యాసాలు రాశాడు. యూనివర్సిటీలో మాత్రం ఆ ముచ్చట ఎత్తకుండా శక్తి, సాధనం అనే చల్లటి భాషలో మాట్లాడాడు. మనవాళ్ళు ‘పునాది–ఉపరితలం’ అంటూ రాసిన వ్యాసాలు నాలుగైనా చదివినవాళ్ళకి వైట్ గీసిన బొమ్మ కొత్తగా ఉండదు. అడుగున సాంకేతికత, దాని మీద సమాజ నిర్మాణం, అన్నిటికన్నా పైన భావాలు, నమ్మకాలు, కళలు. అడుగుది కదిలితే పైవి కదులుతాయి.

నిజానికి శక్తితో సంస్కృతిని కొలవాలన్న ఆలోచన ఆయనతో మొదలవలేదు. జర్మన్ రసాయనశాస్త్రవేత్త విల్హెల్మ్ ఓస్ట్‌వాల్ట్ 1909లోనే అలాంటి పుస్తకం రాశాడు, మాక్స్ వెబర్ అదే ఏడాది దాన్ని చీల్చి చెండాడాడు. వైట్ గొప్పతనం ఎక్కడంటే, తప్పించుకోలేని ప్రశ్నని అందరి ముందూ పెట్టడంలో. మీరు మాట్లాడుతున్న ఆ గుడీ, ఆ కావ్యమూ, ఆ రాజసభా దేని మీద నడిచాయి? ఎవరు తిని, ఎవరు కాల్చి, ఎవరు మోసి? న్యూకామెన్ ఆవిరి యంత్రం 1712లో వచ్చింది. బొగ్గులో ఉన్న శక్తిలో నూటికి ఒక పాలు కూడా సరిగ్గా పనికి మార్చలేని మొద్దు యంత్రం. అయినా బొగ్గుగని పక్కనే ఉంది కాబట్టి గనిలో నీళ్ళు తోడటానికి పనికొచ్చింది. తోడితే ఇంకా లోతుకి తవ్వొచ్చు, తవ్వితే ఇంకా బొగ్గు. తర్వాత నూరేళ్ళలో ఇంగ్లండ్‌లో ఊళ్ళు, పనిగంటలు, కుటుంబాలు, నవలలు మారిన తీరుని ఈ చక్రం గురించి ఎత్తకుండా చెప్పలేం. మన తెలుగు విమర్శలో ఒక కావ్యం వెనక ఛందస్సు చూస్తాం, రాజవంశం చూస్తాం, ఈమధ్య కులం కూడా చూస్తున్నాం, మంచిదే. వంటచెరకు ఎక్కడిది అని అడిగినవాళ్ళు తక్కువ.

ఇక యూనిట్ల దగ్గరికి. వైట్ ఫార్ములాలో సంస్కృతిని కొలిచేది దేనితో? మనుషుల అవసరాలు తీర్చే వస్తువులూ సేవలూ తలకి ఏడాదికి ఎన్ని తయారయ్యాయి అన్నదానితో. అంటే పెట్టిన శక్తిని సాధనాల సామర్థ్యంతో గుణిస్తే బయటికొచ్చే పని. ఇది సంస్కృతి సూత్రం కాదు, మొదటి సంవత్సరం థర్మోడైనమిక్స్. ఏ ఇంజిన్‌కైనా నిజమే, నిర్వచనం ప్రకారం నిజమే. గుణకారం అయ్యాక ఫలితం మీద ‘సంస్కృతి’ అని చీటీ అతికించాడంతే. ఆ చీటీ పీకేస్తే సూత్రం నిలబడుతుంది, అందులో సంస్కృతి ఉండదు. చీటీ ఉంచితే సంస్కృతి ఉంటుంది, రుజువు ఉండదు. వైట్‌ని మెచ్చుకునేవాళ్ళూ తిట్టేవాళ్ళూ చాలామంది ఇక్కడే ఆగిపోతారు. నాకు ఇది పెద్ద నేరంగా అనిపించలేదు. ఏదో ఒకటి కొలవాలి కదా. అసలు చిక్కు ఇంకో చోట ఉంది.

మనిషి ఒంట్లోని శక్తి గురించి వైట్ ఒక లెక్క చెప్తాడు. సగటున హార్స్‌పవర్‌లో ఇరవయ్యో వంతు. మన లెక్కలో సుమారు 37 వాట్లు, ఒక చిన్న బల్బు. ఇప్పుడు మన పొలాల్లో మామూలుగా కనిపించే 5 హెచ్‌పీ మోటారు ఆ లెక్కన వందమంది మనుషులు. ఇక్కడిదాకా ఎవరికీ పేచీ లేదు. తర్వాతి అడుగులో వైట్ అంటాడు: ఈ మానవశక్తి అన్ని కాలాల్లోనూ దాదాపు ఒకటే, స్థిరరాశి, కాబట్టి లెక్కలోంచి తీసేయొచ్చు. మారేది జంతువులది, నీటిది, గాలిది, బొగ్గుది, 1945 తర్వాత అణువుది. వాటినే చూద్దాం.

గణితంలో ఇది తప్పు కాదు. ప్రతి పక్షంలోనూ ఉన్నదాన్ని కొట్టేస్తాం. కానీ ఆ కొట్టేసిన 37 వాట్లు ఎవరివి? సగటు మనిషివి. నా ఉద్యోగంలో సర్వర్లు ఎలా ఉన్నాయో చెప్పే డాష్‌బోర్డు ఒకటి రోజంతా కళ్ళముందు ఉంటుంది. కొత్తగా చేరిన పిల్లలకి మొదట చెప్పే మాట, యావరేజ్ చూడొద్దు అని. యావరేజ్ ఎప్పుడూ పచ్చగానే ఉంటుంది. నూటికి ఒక్కడికి పేజీ ఎంతకీ తెరుచుకోక చస్తుంటాడు, వాడు ఆ గీతలో కనపడడు. వైట్ తలసరి శక్తి కూడా అలాంటి పచ్చ గీతే. మొత్తం సమాజానికి మానవశక్తి స్థిరం కావచ్చు. ఆ శక్తిలో ఎవరి చేతులు రోజుకి ఎన్ని గంటలు ఆడాయి, ఎవరి చేతులు ఖాళీగా ఉండి తాళపత్రం పట్టుకోగలిగాయి అన్నది మాత్రం ఎన్నడూ స్థిరం కాదు. మనం సంస్కృతి అని పిలుచుకునేదాంట్లో ముప్పాతిక భాగం ఆ పంపకం లోంచే వచ్చింది.

చిత్రమేంటంటే, వైట్‌కి ఇది కనపడే చోటు ఉంది. ఆయన ఫీల్డ్‌వర్క్ అంతా అమెరికా నైరుతిలోని ప్యూబ్లో ఊళ్ళలో. ఆకమా, సాంతా ఆనా, జీయా. ఒక్కో ఊరి మీద ఒక్కో పుస్తకం రాశాడు. వాటిలో కర్మకాండలు, బంధుత్వాలు, అధికారులు అన్నీ ఉంటాయి, శక్తి సిద్ధాంతం మాత్రం దాదాపు కనపడదు. సిద్ధాంతం రాసే వైట్, ఊరు తిరిగే వైట్ ఒకరికొకరు పరిచయం లేనట్టే బతికారు. ఆ ప్యూబ్లో ఊళ్ళలో మొక్కజొన్నని ఆడవాళ్ళు రాళ్ళ మీద నూరేవారు. రాళ్ళు వరసగా ఉంటాయి, ఒకటి బరక, తర్వాతది మధ్యరకం, చివరిది మెత్తన. ఒకరి పక్కన ఒకరు మోకాళ్ళ మీద వంగి నూరుతుంటే పాట నడిచేది. ఆకమా పక్కనే ఉన్న లగూనా ఊరి నూరుడు పాటల్ని నటాలీ కర్టిస్ 1907లోనే సేకరించి అచ్చు వేసింది. అంటే వైట్ ఆ ప్రాంతానికి వెళ్ళేనాటికే పుస్తకంలో ఉన్నాయి.

ఈ నూరుడు పాటల దగ్గర నాకు మన రోకటి పాటలు గుర్తుకు రాకుండా ఎలా ఉంటాయి? రెండూ ఒకే పని లోంచి పుట్టాయి. గింజ మీద గట్టి పొర ఉంది, అది విడగొట్టడానికి శక్తి కావాలి, ఆ శక్తి ఆడవాళ్ళ భుజాల్లోంచి రావాలి.

దంపుడు ఎలా ఉంటుందో ఒక్కసారి ఊహించుకోండి. ఒక రోలు, ఇద్దరు ఆడవాళ్ళు, రెండు రోకళ్ళు. ఒకటి లేచేటప్పుడు ఇంకోటి పడాలి. అర క్షణం అటూ ఇటూ అయితే రోకలీ రోకలీ కొట్టుకుంటాయి, లేదా ఎగదోసే చెయ్యి నలుగుతుంది. ఈ పనికి గడియారం కావాలి. ‘సువ్వి’ అన్న ఆ ఊత పదమే గడియారం. పోటు ఎక్కడ పడాలో, ఊపిరి ఎక్కడ వదలాలో అది చెప్తుంది. తిరగలిది ఇంకో నడక, ఎక్కడా విరగని గుండ్రటి నడక, అందుకే తిరగలి పాట సాగుతుంది, రోకటి పాట విరుగుతుంది. ఏతం తొక్కేవాడికి దూలం మీద ముందుకీ వెనక్కీ అడుగు, ఆ అడుగుని బట్టి పాట. బిరుదురాజు రామరాజు తెలుగు జానపద గేయ సాహిత్యం మీద చేసిన పరిశోధన ఈ పాటల్ని యూనివర్సిటీ గుమ్మం ఎక్కించింది. అక్కణ్ణుంచి మనం వాటిని సాహిత్యంగా చదవటం నేర్చుకున్నాం, మాటల్నీ భావాల్నీ ఏరుకున్నాం. వాటిని పనిముట్లుగా చదవటం మాత్రం పెద్దగా అలవాటు కాలేదు.

వైట్ మూడంతస్తుల మేడలో పాట ఎక్కడ ఉంటుంది? అన్నిటికన్నా పైన, భావాల అంతస్తులో. ఇక్కడ చూస్తే అది అడుగున, రోలు పక్కన ఉంది. ఇద్దరి కండని ఒక లయలో పెట్టి, నలగకుండా, అలుపు తెలీకుండా ఇంకాసేపు పని సాగేలా చేస్తోంది. అంటే సాధనాల సామర్థ్యాన్ని పెంచుతోంది. ఆయన ఫార్ములాలోని రెండో అక్షరం అదే. పాట ఇక్కడ అలంకారం కాదు, రోకలి ఎంతో పాటా అంతే. అడుగు అంతస్తు కదిలితే పై అంతస్తు కదులుతుంది అన్న మాట ఇక్కడ అర్థం కోల్పోతుంది, ఎందుకంటే అంతస్తులే లేవు. పదిహేనో శతాబ్దంలో అన్నమయ్య సువ్వి పాటలు రాశాడు. రోటి దగ్గరి లయ గుడికి చేరి దేవుడి ముందు నిలబడింది. ఛందస్సుకి సంస్కృతం నుంచి వచ్చిన దారి ఒకటైతే, కండరాల నుంచి వచ్చిన దారి ఇది.

వైట్ శిష్యుల్లో అందరికన్నా పేరున్నవాడు మార్షల్ శాలిన్స్. గురువు మెట్లని తలకిందులు చేసినవాడు కూడా ఆయనే. 1966లో షికాగోలో జరిగిన ఒక సదస్సులో వేటగాళ్ళే తొలి సంపన్న సమాజం అని వాదించాడు. శక్తి తక్కువ వాడినంత మాత్రాన కరువులో బతుకుతున్నట్టు కాదు, కోరికలు తక్కువ, తీరిక ఎక్కువ. రిచర్డ్ లీ 1964లో కలహారి ఎడారి అంచున నాలుగు వారాలు వేసిన లెక్క ఆయనకి ఆయుధం: అక్కడివాళ్ళు తిండి సంపాదనకి వారంలో రెండున్నర రోజులు కూడా ఖర్చుపెట్టడం లేదు. ఈ మాట ఎంత హాయిగా ఉందంటే ఇప్పటికీ సోషల్ మీడియాలో తిరుగుతోంది, సాధారణంగా ఉద్యోగం మానేసి కొండల్లోకి పోదాం అనుకునేవాళ్ళ దగ్గర. అయితే ఆ రెండున్నర రోజుల్లో తిండి తేవటమే ఉంది. తెచ్చిన మొంగొంగో కాయల్ని పగలగొట్టటం, వండటం, కట్టెలు, నీళ్ళు, పనిముట్లు చేసుకోవటం లేవు. లీ తర్వాత అవి కూడా కలిపి చూస్తే వారానికి 40 గంటలు దాటింది. గురువు మానవశక్తిని స్థిరరాశి అని కొట్టేశాడు, శిష్యుడు గింజని పగలగొట్టే చేతుల్ని మర్చిపోయాడు. ఇద్దరూ ఎదురెదురు నిలబడి వాదించుకున్నారు, ఇద్దరి లెక్కలోనూ రోకలి లేదు.

మిల్లు వచ్చాక ఏమైందో చూస్తే ఇంకా తెలుస్తుంది. ఇంజనుతో నడిచే బియ్యం మిల్లు వైట్ సూత్రానికి పుస్తకంలో వేసుకోదగ్గ ఉదాహరణ. శక్తి పెరిగింది, సాధనం మెరుగైంది, బియ్యం గంటల్లో బస్తాలకి బస్తాలు తెల్లగా వచ్చాయి. సంస్కృతి ఒక మెట్టు ఎక్కినట్టే. 1920లు, 30లలో కూనూరులో పనిచేసిన పోషకాహార పరిశోధకులు, మొదట రాబర్ట్ మెక్‌కారిసన్, తర్వాత ఆక్రాయిడ్, బెరిబెరి గురించి రాసినప్పుడు భారతదేశంలో ఆ జబ్బుకి ముఖ్యమైన చోటుగా ఉత్తర సర్కారు జిల్లాల పేరు చెప్పారు. మన కోస్తానే. కారణం మిల్లులో పట్టిన పచ్చి బియ్యం. దంపుడు బియ్యంలో తవుడు కొంత మిగిలేది. ఉప్పుడు బియ్యంలో వడ్లు ఉడికేటప్పుడే విటమిన్ గింజ లోపలికి దిగేది. తెల్లగా పట్టిన పచ్చి బియ్యంలో ఈ రెండూ లేవు. బి1 కాస్తా తవుడుతో పాటు గేదెల కుడితిలోకి పోయింది. నరాలు పట్టు తప్పి, కాళ్ళు వాచిన మనిషిని వైట్ సమీకరణం ఏ వైపు వేస్తుంది? బస్తాలు పెరిగాయి కాబట్టి ఫలితం పెరిగినట్టే చూపిస్తుంది.

ఇది చదివి వెంటనే రోకలి వైపు దూకేవాళ్ళు ఉంటారు. గాంధీ అలాగే దూకాడు. 1934లో అఖిల భారత గ్రామ పరిశ్రమల సంఘం పెట్టినప్పుడు దంపుడు బియ్యం వాళ్ళ ముఖ్యమైన కార్యక్రమాల్లో ఒకటి, ‘హరిజన్’లో దాని గురించి పదేపదే రాశాడు. పోషకాహారం సంగతిలో ఆయన మాట నిజం. ఊరి డబ్బు ఊళ్ళో ఉంటుందన్నదీ నిజం. దంచేది ఎవరు, తెల్లారకముందు లేచేది ఎవరు అన్న దగ్గర మాత్రం ఆయన గొంతు కాస్త తగ్గుతుంది. మన జానపద సాహిత్య వ్యాసాల్లో ఆ గొంతు అసలు వినపడదు. ‘యంత్రం వచ్చింది, పాట చచ్చిపోయింది’ అన్న వాక్యం ఎన్ని రూపాల్లో చదివామో! నేను ఇంతవరకు దంచిన మనిషి ఆ వాక్యం రాయగా చూడలేదు. ఆ పాటల్లోనే అత్త మీద విసుగుంది, పుట్టింటి మీద బెంగుంది, చేతులు పడిపోతున్నాయన్న మాటుంది. దంచినవాళ్ళలో కొందరికి అది జీతం లేని ఇంటి చాకిరీ, ఇంకొందరికి నాలుగు శేర్ల నూకలిచ్చే కూలి. మిల్లు వచ్చిన రోజున మొదటివాళ్ళకి నడుము నిలబడింది, రెండోవాళ్ళకి పొయ్యి ఆరింది. రెండూ ఒక్క రోజునే, ఒక్క ఊళ్ళోనే. పాట పోయిందని ఏడ్చే విమర్శకుడికీ, ఉత్పత్తి పెరిగిందని గీత గీసే వైట్‌కీ ఈ ఇద్దరు ఆడవాళ్ళ మధ్య తేడా తెలీదు. ఒకళ్ళు సంస్కృతి పేరుతో మనిషిని కొట్టేశారు, ఇంకొకళ్ళు స్థిరరాశి పేరుతో.

బొగ్గు, నూనె యుగంలో కూడా ఈ పంపకం ప్రశ్నే నడిచిందని ఈమధ్య పుస్తకాలు కొన్ని గట్టిగా చెప్తున్నాయి. ఆంద్రియాస్ మాల్మ్ ‘ఫాసిల్ కాపిటల్’లో చూపించేది ఇదీ: బ్రిటన్ నూలు మిల్లులు ఆవిరికి మారేనాటికి నీటిచక్రమే ఇంకా చవక. అయినా మారారు, ఎందుకంటే నీరు ఏరు ఉన్నచోటే ఉంటుంది, బొగ్గుని కూలీలు దొరికే పట్నానికి తెచ్చుకోవచ్చు. తిమతి మిచెల్ ‘కార్బన్ డెమోక్రసీ’లో ఇంకో కొసని పట్టుకున్నాడు. బొగ్గు గని నుంచి రైలు మీదుగా వెళ్ళేదాకా వేలమంది చేతుల మీదుగా నడిచింది కాబట్టి ఆ చేతులు ఆగితే దేశం ఆగేది, సమ్మెకి బలం ఉండేది, నూనె పైపులో పోవటం మొదలుపెట్టాక ఆ బలం తగ్గింది. ఇద్దరితోనూ అక్కడక్కడా పేచీ పడొచ్చు, మిచెల్ మరీ పైపు చుట్టూనే చరిత్ర తిప్పుతాడనిపిస్తుంది. కానీ ఎన్ని కేలరీలు అని ఆగిపోకుండా, మీట ఎవరి దగ్గర ఉంది అని అడగటం వాళ్ళకి తెలుసు. వైట్ రష్యా వెళ్ళి వచ్చాడు, మారుపేరుతో సోషలిస్టు వ్యాసాలు రాశాడు, అయినా తన ఫార్ములాలో మీటకి చోటు పెట్టలేదు. జాన్ స్టీల్ ఆ ఫార్ములాని సరిదిద్ది ఉంటే ఎలా ఉండేదో!

ఆ చోటులో ఏం రాయొచ్చో మన పొలాల్లోనే ఉదాహరణ ఉంది. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు వచ్చింది. తలసరి శక్తి పెరిగింది, ఏతం ఎప్పుడో పోయింది, ఏతం పాటా పోయింది. శక్తి ఉచితమే, అది వచ్చే వేళ మాత్రం రైతు చేతిలో లేదు. త్రీ ఫేజ్ కరెంటు రోజుకి కొన్ని గంటలు, అది కూడా చాలాసార్లు రాత్రిపూట. చీకట్లో టార్చి పట్టుకుని స్టార్టర్ దగ్గరికి వెళ్ళటం, పాము, తడి నేల, షాకు. దీనికి రైతు కనిపెట్టుకున్న విరుగుడు ఆటో స్టార్టర్, కరెంటు వచ్చీ రాగానే తనంతట తనే మోటారు ఆన్ చేసే చిన్న పెట్టె. ఆ పెట్టె ధర్మమా అని నిద్ర దక్కింది. అయితే అందరి మోటార్లూ ఒక్కసారే లేవటంతో ట్రాన్స్‌ఫార్మర్ మీద బరువు, భూమిలో నీళ్ళు అయిపోతున్నా ఆగని పంపు. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో 24 గంటల ఉచిత కరెంటు మొదలైనప్పుడు ప్రభుత్వం రైతుల్ని కోరిన మొదటి పని, ఆ ఆటో స్టార్టర్లు తీసేయమని. నిద్రకీ, నీటికీ, మీటకీ మధ్య ఆ పెట్టె సంపాదించుకున్న చోటుని వైట్ లెక్కలో నేను వెతికాను. సాధనం కింద వేస్తే సామర్థ్యం తగ్గినట్టు వస్తుంది, మానవశక్తి కింద వేద్దామంటే ఆ గడిని ఆయన ఎప్పుడో కొట్టేశాడు.